అరవై దాటిన తర్వాత రోగనిరోధక వ్యవస్థలో అసలు మారేది ఏమిటి?

గోదావరిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 74 ఏళ్లు, అమ్మకు 69. ఈ ఏడాది మా ఇంట్లో రెండు సంగతులు జరిగాక ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకు నాన్నగారు ఒక రాత్రి అన్నం వద్దన్నారు. మర్నాడు పొద్దున చొక్కా బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకుని, అమ్మ సరిచేయబోతే విసుక్కున్నారు. ఇవాళ ఏ వారమని అడిగితే తడబడ్డారు. ఒళ్లు చల్లగానే ఉంది, థర్మామీటరు 98.8 డిగ్రీలు చూపించింది, దగ్గు కూడా చెప్పుకోదగినంత లేదు. మతిమరుపు మొదలైందేమోనని అమ్మ బెంగపడింది. ఆసుపత్రికి తీసుకువెళ్తే ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగు భాగాన న్యుమోనియా కనిపించింది. మందులు పడ్డ నాలుగైదు రోజులకు మనిషి మళ్లీ మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టారు. అంత పెద్ద జబ్బు జ్వరమన్నది లేకుండా ఎలా వచ్చిందో మాకు అంతుపట్టలేదు.

ఆ తర్వాత ఎండాకాలంలో అమ్మకు నడుముకు ఒక పక్కన, వెన్ను నుంచి బొడ్డు దాకా పట్టీ కట్టినట్టు నీటిపొక్కులు లేచాయి. ఇరుగుపొరుగు పెద్దవాళ్లు చూడగానే అక్కి అన్నారు, జేగురుతో రాయించమన్నారు. అదీ రాయించాము, చర్మవైద్యుడికీ చూపించాము. పొక్కులు రెండు మూడు వారాల్లో ఎండి రాలిపోయాయి కానీ మంట మాత్రం నెలల తరబడి ఉండిపోయింది. చీర అంచు తగిలినా ఉలిక్కిపడేది. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మే ఇప్పుడు ఇలా బయటపడిందని వైద్యుడు చెప్పారు.

వయసు పెరిగితే రోగనిరోధక శక్తి తగ్గుతుందని అందరూ అంటారు. తగ్గడం అంటే ఏమిటి? కణాల సంఖ్య తగ్గుతుందా, వాటి పని తగ్గుతుందా? శక్తి అంతా తగ్గిపోతే అదే వయసులో కీళ్లవాతం లాంటి, శరీరం తన మీద తానే దాడి చేసుకునే జబ్బులు ఎందుకు ఎక్కువవుతాయి? తెలిసినవారు కొంచెం విపులంగా చెప్పగలరని మనవి.

జీవకణం

గోదావరిగట్టు గారూ, మీ చివరి ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. నేను స్నాతకోత్తర విద్యార్థులకు ఇమ్యునాలజీ బోధిస్తాను, ఈ పాఠానికి వచ్చేసరికి వారిలోనూ చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వయసుతో రోగనిరోధక వ్యవస్థ మొత్తంగా, సమానంగా బలహీనపడుతుందని అనుకున్నంత కాలం మీరు చెప్పిన రెండు సంగతులూ అర్థం కావు. ఆ వ్యవస్థలో కొన్ని భాగాలు క్షీణిస్తాయి, కొన్ని దాదాపు చెక్కుచెదరకుండా నిలుస్తాయి, కొన్ని అవసరానికి మించి రేగుతూనే ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది కొత్త శత్రువును మొదటిసారి గుర్తించి నేర్చుకునే సామర్థ్యం.

దీనికి మూలం రొమ్ము ఎముక వెనుక, గుండెకు కాస్త పైన ఉండే థైమస్ గ్రంథి. ఎముక మజ్జలో పుట్టిన కొన్ని కణాలు అక్కడికి చేరి, అక్కడే టి కణాలుగా పరిణతి చెందుతాయి. ఈ గ్రంథిని టి కణాల బడి అనుకోవచ్చు. ఏ కణం పరాయి పదార్థాన్ని గుర్తించగలదో, ఏ కణం మన సొంత కణజాలం మీదికే వెళ్లే ప్రమాదం ఉందో అక్కడ పరీక్ష జరుగుతుంది. లోపలికి వెళ్లినవాటిలో అతి కొద్ది శాతం మాత్రమే ఉత్తీర్ణమై బయటికి వస్తాయి. 1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల నుంచి థైమస్‌ను తొలగించి, అవి అంటురోగాలకు తట్టుకోలేకపోవడం చూపే వరకు వైద్యలోకం దీన్ని పెద్దగా పనిలేని అవయవంగానే లెక్కించేది.

విచిత్రమేమిటంటే, శరీరంలోని మిగతా అవయవాలు ముదిమిలో క్షీణిస్తే ఈ గ్రంథి బాల్యం దాటుతూనే కుంచించుకుపోవడం మొదలుపెడుతుంది. యౌవనం నుంచి దాని కణజాలం స్థానంలో క్రమంగా కొవ్వు చేరుతుంది, అరవై డెబ్బై ఏళ్లు వచ్చేసరికి పనిచేసే భాగం చాలా తక్కువ మిగులుతుంది. అంటే మీ నాన్నగారి శరీరంలో 74వ ఏట కనిపించిన మార్పు ఆయన కళాశాలలో చదువుకునే రోజుల్లోనే ఆరంభమైంది. అప్పటికే తయారై ఉన్న, ఇంకా ఏ సూక్ష్మజీవినీ ఎదుర్కోని అమాయక టి కణాలు తమలో తాము విభజన చెందుతూ సంఖ్యను చాలా కాలం నిలబెట్టుకోవడం వల్ల మధ్యవయసులో మనకు లోటు తెలియదు. అయితే ఉన్నవే మళ్లీ మళ్లీ విభజన చెందితే సంఖ్య నిలుస్తుంది కానీ వైవిధ్యం నిలవదు. వైరస్ సోకిన కణాలను నేరుగా చంపే సీడీ8 రకం టి కణాల్లో ఈ కొరత మరీ ఎక్కువ.

కుంచించుకుపోయిన గ్రంథి వల్ల ప్రయోజనం ఏముందని మీరు అడగవచ్చు. గుండె, ఛాతీ శస్త్రచికిత్సల్లో పెద్దవారికి థైమస్ తీసివేసిన సందర్భాలను, అలాంటి శస్త్రచికిత్సే జరిగినా థైమస్ తీయని సందర్భాలతో పోల్చి అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులు 2023లో ఒక పరిశీలన ప్రచురించారు. ఐదేళ్లలో మరణించినవారు తీసివేసిన వర్గంలో 8.1 శాతం, తీయని వర్గంలో 2.8 శాతం. క్యాన్సర్ వచ్చినవారు వరుసగా 7.4, 3.7 శాతం. ఇది గతం నాటి రికార్డులను చూసి చేసిన పోలిక కాబట్టి కార్యకారణ సంబంధం పూర్తిగా రుజువైందని చెప్పకూడదు. అయినా పెద్దవారిలో మిగిలే ఆ కొద్దిపాటి థైమస్ వృథా కాదని నమ్మడానికి ఇది బలమైన ఆధారమే.

ఇక నిలిచే భాగం గురించి. ఒకసారి నేర్చుకున్న పాఠాన్ని జ్ఞాపక కణాలు ఆశ్చర్యం కలిగించేంత కాలం మరచిపోవు. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారిని బాల్యంలో చూసి, 91 నుంచి 101 ఏళ్ల వయసుకు చేరిన 32 మంది రక్తాన్ని పరీక్షించినప్పుడు, తొంభై ఏళ్ల తర్వాత కూడా ఆ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు కనిపించాయి. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. మరుసటి ఏడు స్వైన్‌ఫ్లూ వచ్చినప్పుడు, మామూలుగా ఫ్లూకు ఎక్కువగా గురయ్యే వృద్ధులకు యువకుల కంటే తక్కువగా సోకింది. దాన్ని పోలిన పాత వైరస్‌ను వారిలో చాలామంది చిన్నతనంలోనే చూసి ఉన్నారు. అదే కోవిడ్ విషయానికి వస్తే ఆ వైరస్ అందరికీ కొత్తదే. కొత్తదాన్ని ఎదుర్కొనే కణాలు తక్కువగా ఉన్న వయసువారినే అది ఎక్కువగా బలితీసుకోవడానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది.

మరి మీ అమ్మగారికి పాత ఆటలమ్మే కదా మళ్లీ వచ్చింది, జ్ఞాపకం ఏమైనట్టు? ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ శరీరాన్ని వదిలిపోదు, వెన్నుపాము పక్కనున్న నాడీకణాల్లో నిద్రాణంగా ఉంటుంది. దాన్ని అక్కడ కదలకుండా ఉంచేది ముఖ్యంగా టి కణాలు, యాంటీబాడీలు కావు. వయసుతో ఈ వైరస్‌కు సంబంధించిన టి కణాల పట్టు సడలుతుంది. అది సడలిన చోట వైరస్ ఒక్క నాడి వెంబడే చర్మం దాకా వస్తుంది కాబట్టే పొక్కులు ఒక పక్కకే, పట్టీలాగా లేస్తాయి. నాడి దెబ్బతిన్నందువల్ల పొక్కులు మాడినా మంట ఉండిపోతుంది.

ఇలా శరీరంలోనే ఉండిపోయే వైరస్‌లలో సైటోమెగలోవైరస్ మరొకటి. మన దేశంలో పెద్దవారిలో అత్యధికులకు ఇది చిన్నతనంలోనే, ఏ గుర్తూ లేకుండా సోకి ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచడానికి దశాబ్దాల పాటు టి కణాలు విభజన చెందుతూనే ఉంటాయి, కొందరు వృద్ధులలో సీడీ8 జ్ఞాపక కణాల్లో గణనీయమైన వాటా ఈ ఒక్క వైరస్ కోసమే కేటాయింపు అయిపోతుంది. లెక్కిస్తే కణాలు నిండుగా ఉన్నట్టే కనిపిస్తాయి. అందుకే తెల్ల రక్త కణాల సంఖ్య మామూలుగా ఉన్నంత మాత్రాన నిరోధకత బాగున్నట్టు కాదు.

శరీరం తన మీద తానే దాడి చేసుకోవడం గురించి అడిగారు. టి కణాల వైవిధ్యం తగ్గడం, వాటిని అదుపు చేసే యంత్రాంగం సడలడం, బి కణాలు సొంత కణజాలానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేయడం, ఇవన్నీ వయసుతో పెరుగుతాయి. వైరస్ సోకిన తొలి గంటల్లో శరీరాన్ని హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు డెబ్బై దాటినవారిలో సుమారు 4 శాతం మందిలో, కోవిడ్‌తో మరణించినవారిలో సుమారు 20 శాతం మందిలో ఉన్నట్టు 2021లో తేలింది. బలహీనతా, దారితప్పిన దాడీ ఒకే మనిషిలో ఒకే కాలంలో ఉండగలవని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

స్టెతస్కోపు

జీవకణం గారు కణాల సంగతి చక్కగా వివరించారు. నేను జిల్లా కేంద్రంలో జనరల్ మెడిసిన్ వైద్యుణ్ణి. మీ నాన్నగారి విషయంలో జరిగినది మా వార్డులో తరచుగా చూస్తాం కాబట్టి దాని గురించి రాస్తాను.

జ్వరం సూక్ష్మజీవి నేరుగా తెచ్చేది కాదు. దాన్ని గుర్తించిన మన కణాలు విడుదల చేసే సైటోకైన్లు అనే సంకేత ప్రోటీన్లు మెదడులోని ఉష్ణ నియంత్రణ కేంద్రాన్ని చేరితే శరీరమే తెచ్చుకునేది. వృద్ధులలో ఆ సంకేతం మందగిస్తుంది, వేడిని పుట్టించే కండరమూ తక్కువగా ఉంటుంది, పైగా వారి మామూలు ఉష్ణోగ్రతే యువకుల కంటే కొంత తక్కువ. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్న వృద్ధులలో 20 నుంచి 30 శాతం మందికి జ్వరం రాకపోవడం, లేదా నామమాత్రంగా రావడం చాలాకాలంగా నమోదైన విషయం. అందువల్ల 101 డిగ్రీలు దాటితేనే జ్వరమనే కొలత వారికి సరిపోదు. వృద్ధాశ్రమాల్లో ఉండేవారి కోసం అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం రూపొందించిన సూచనల ప్రకారం, నోటిలో ఒక్కసారి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, పలుమార్లు 99 దాటినా, లేదా ఆ మనిషి మామూలు ఉష్ణోగ్రత కంటే 2 డిగ్రీలు పెరిగినా జ్వరంగానే పరిగణించాలి. ఆ మూడో కొలత ఇంట్లో ఉపయోగపడాలంటే ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో వారి ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో ముందే చూసి రాసిపెట్టుకోవాలి. నాన్నగారికి రోజూ 96.8 ఉంటుందనుకోండి, ఆ రోజు చూపిన 98.8 డిగ్రీలను మామూలని అనలేం.

ఉష్ణోగ్రత కంటే ముందు మారేది ప్రవర్తన. మీరు చెప్పిన బొత్తాల సంగతి, వారం పేరు తడబడటం, తిండి వద్దనడం, మామూలుగా లేచి తిరిగే మనిషి మంచం దిగకపోవడం, కారణం లేకుండా తూలిపడటం, పక్కలో మూత్రం పోవడం, వీటిలో ఏదైనా ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మొదలైతే ముందు ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి. మతిమరుపు జబ్బు నెలల మీద, ఏళ్ల మీద వస్తుంది. నిన్న బాగున్న మనిషి ఇవాళ అయోమయంగా ఉంటే అది వేరే సంగతి. ఊపిరి లెక్కించడం ఎవరైనా చేయగలిగిన పరీక్ష. విశ్రాంతిగా పడుకుని ఉన్నప్పుడు ఛాతీ నిమిషానికి 25 సార్లు, అంతకంటే ఎక్కువ లేస్తుంటే న్యుమోనియా ఉండే అవకాశం ఎక్కువ. పల్స్ ఆక్సీమీటరు ఉంటే అదీ చూడండి.

రక్తంలో ఎప్పుడూ సన్నగా రగులుతూ ఉండే వాపు స్థితి గురించి కూడా చెప్పాలి. ఇటలీలోని బొలోన్యాకు చెందిన క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లో దీనికి ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టారు. ఏ ఇన్‌ఫెక్షనూ లేకపోయినా వృద్ధుల రక్తంలో ఐఎల్-6, సీఆర్‌పీ వంటి, వాపును సూచించే ప్రోటీన్లు కొంత ఎక్కువగా ఉంటాయి. విభజన ఆగిపోయినా చావకుండా మిగిలిపోయిన ముదురు కణాలు, పొట్టలోని కొవ్వు, పేగు గోడ సడలి రక్తంలోకి చేరే సూక్ష్మజీవుల శకలాలు, చిగుళ్ల జబ్బు, ఇవన్నీ దాన్ని ఎగదోస్తాయి. కండరం కరిగిపోవడం, గుండె రక్తనాళాలు గట్టిపడటం, మధుమేహం అదుపు తప్పడం దీనితో ముడిపడినవే. న్యుమోనియా నుంచి కోలుకున్న వృద్ధులకు తర్వాతి వారాల్లో గుండెపోటు ప్రమాదం పెరగడానికి కూడా ఈ వాపే ఒక కారణం, కాబట్టి నాన్నగారిని గుండె విషయంలోనూ ఒకసారి చూపించి ఉంచండి.

మన ప్రాంతంలో మరవకూడనిది క్షయ. యౌవనంలో సోకి ఊపిరితిత్తుల్లో అణగి ఉన్న క్షయ బాక్టీరియా, టి కణాల పట్టు తగ్గినప్పుడు, ముఖ్యంగా మధుమేహం తోడైతే, డెబ్బై ఏళ్ల వయసులో పైకి రావచ్చు. వృద్ధులలో అది రక్తం పడే దగ్గుగా కాక బరువు తగ్గడంగా, నీరసంగా మాత్రమే కనిపించవచ్చు. చర్మం మీద చేసే ట్యూబర్‌క్యులిన్ పరీక్ష కూడా ఈ వయసులో తప్పుగా నెగటివ్ రావడం కద్దు. న్యుమోనియా మందులు వాడినా ఎక్స్‌రేలో నీడ పూర్తిగా పోకపోతే కళ్లె పరీక్ష చేయించమని వైద్యుణ్ణి అడగండి.

గోదావరిగట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. థర్మామీటరు కొలతల గురించి రాసినది అమ్మకు చదివి వినిపించాను. ఆ రోజు నుంచి ఇద్దరి ఉష్ణోగ్రతా పొద్దున పూట చూసి కేలెండరులో రాస్తున్నాము. ఇంకొక రెండు సందేహాలు. కొత్తది నేర్చుకునే శక్తే తగ్గినప్పుడు ఈ వయసులో టీకా వేయించడం వల్ల ఉపయోగం ఉంటుందా? రెండోది, బంధువులు నాన్నగారికి రోజూ తిప్పతీగ రసం, ఇమ్యూనిటీ పెంచే పొడులు ఇమ్మంటున్నారు. ఇవ్వవచ్చా?

జీవకణం

టీకా ప్రశ్న చాలా సరైనది, ఎందుకంటే సాధారణ టీకాలకు వృద్ధులలో స్పందన తగ్గడం నిజమే. హెపటైటిస్ బి, ఫ్లూ టీకాల విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ఆ తగ్గుదలను టీకా తయారీలోనే ఎంతవరకు అధిగమించవచ్చో అక్కి టీకాల చరిత్ర చూపించింది.

మొదట వచ్చినది, బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసిన టీకా. 2005లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం అది అరవై దాటినవారిలో అక్కిని మొత్తం మీద 51 శాతం తగ్గించింది. 60 నుంచి 69 ఏళ్ల వారిలో 64 శాతం, డెబ్బై దాటినవారిలో 38 శాతమే. అవసరం పెరిగే వయసులోనే రక్షణ తగ్గింది. తర్వాత వైరస్‌ను పూర్తిగా వదిలేసి, దాని ఉపరితలం మీది ఒకే ఒక ప్రోటీన్‌ను తీసుకుని, దానికి ఏఎస్01 అనే ఉత్తేజక ద్రవ్యాన్ని చేర్చి షింగ్రిక్స్ తయారుచేశారు. ఆ ద్రవ్యంలో ఒక భాగం దక్షిణ అమెరికాలోని క్విల్లాయా చెట్టు బెరడు నుంచి వస్తుంది, మరొకటి సాల్మొనెల్లా బాక్టీరియా పైపొర నుంచి తీసి హానిరహితం చేసినది. ముదిమిలో మందగించిన ప్రాథమిక హెచ్చరికను ఈ ద్రవ్యం గట్టిగా రేపుతుంది. దాంతో పాత జ్ఞాపక టి కణాలు మళ్లీ పెద్ద సంఖ్యలో లేస్తాయి. ఏభై దాటినవారిలో 97 శాతం, డెబ్బై దాటినవారిలోనూ దాదాపు 90 శాతం రక్షణ కనిపించింది. దీర్ఘకాల పరిశీలనలో పదేళ్ల తర్వాత కూడా రక్షణ సుమారు 80 శాతం దగ్గర నిలిచింది. 70 ఏళ్ల శరీరానికి నేర్చుకునే శక్తి పోయిందని నిరాశపడేవారికి నేను మొదట చెప్పేది ఈ అంకెల గురించే.

ఇక్కడ మీరు గమనించవలసినది ఒకటి ఉంది. ఈ టీకా పూర్తిగా కొత్త పాఠం చెప్పడం లేదు, బాల్యంలో నేర్చుకున్నదాన్ని లేపుతున్నది. ముదిమిలో పనిచేసే టీకాలను రూపొందించడానికి అదే అనుకూలమైన దారి అని నా అభిప్రాయం. ఏ టీకాలు వేయించుకోవాలో మధ్యవయసులోనే, నేర్చుకునే కణాలు ఇంకా ఉన్నప్పుడే ఆలోచించడం మేలని కూడా అందుకే అంటాను.

అట్లాంటిక్_అవతల

నేను న్యూజెర్సీలో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడ 65 దాటినవారికి ఫ్లూ టీకా మామూలు మోతాదులో ఇవ్వము. మామూలు టీకాలో ఒక్కో వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల ప్రోటీన్ ఉంటే, వీరికిచ్చే హెచ్చు మోతాదు టీకాలో 60 ఉంటుంది. 2014లో వచ్చిన పెద్ద ప్రయోగంలో అది మామూలు టీకా కంటే 24 శాతం మెరుగ్గా ఫ్లూను అడ్డుకున్నది. హెచ్చు మోతాదుది దొరకని చోట మామూలుదైనా ఏటా వేయించడం మంచిదే. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బాక్టీరియాకు టీకా గురించి కూడా నాన్నగారి వైద్యుణ్ణి తప్పక అడగండి. ఒకసారి న్యుమోనియా వచ్చి తగ్గినంత మాత్రాన ఆ బాక్టీరియాలోని అన్ని రకాల నుంచీ రక్షణ రాదు.

మన తెలుగువాళ్ల తల్లిదండ్రులు ఆరు నెలలకని ఇక్కడికి వస్తుంటారు. అక్కి పొక్కులు లేచాక మూడు రోజుల్లోపు వైరస్‌ను అణచే మందు మొదలుపెట్టాలన్న సంగతి తెలియక, సందర్శకుల బీమా వర్తిస్తుందో లేదోనన్న సంకోచంతో వైద్యుడి దగ్గరికి ఆలస్యంగా వెళ్లినవారిని చూశాను. ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే ఊళ్లో టీకాల సంగతి చూసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. షింగ్రిక్స్ 2023 నుంచి భారతదేశంలోనూ దొరుకుతున్నది. రెండు డోసులు, రెండు నుంచి ఆరు నెలల ఎడంతో వేస్తారు. ఖరీదైనదే, ప్రభుత్వ టీకా కార్యక్రమంలో లేదు. వేసిన ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒళ్లునొప్పులు, చలి బాగానే ఉంటాయి. ముందే చెప్పకపోతే పెద్దవాళ్లు భయపడి రెండో డోసు మానేస్తారు.

వ్యాయామం గురించి ఎవరూ రాయలేదు కనుక ఒక మాట. 2018లో ఇంగ్లండులో, ఏళ్ల తరబడి సైకిలు తొక్కే అలవాటున్న 55 నుంచి 79 ఏళ్ల వయసు గల 125 మందిని పరిశీలించారు. థైమస్ నుంచి కొత్తగా వచ్చే టి కణాలు వారి రక్తంలో యువకులతో పోల్చదగినన్ని కనిపించాయి. ముదిరిపోయిన జ్ఞాపక కణాల వాటా మాత్రం వ్యాయామం లేని తోటివారితో సమానంగానే ఉంది, కాబట్టి వ్యాయామం అన్నిటినీ వెనక్కి తిప్పుతుందని అనలేం. వారు 100 కిలోమీటర్లు ఆరున్నర గంటల్లోపు తొక్కగల పురుషులు, 60 కిలోమీటర్లు ఐదున్నర గంటల్లోపు తొక్కగల స్త్రీలు. మీ నాన్నగారి నుంచి అంత ఆశించనక్కరలేదు. న్యుమోనియాలో మంచం మీద గడిపిన రోజుల్లో కరిగిన కండరం తిరిగి రావడానికి నడక, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, పప్పు, గుడ్డు, పెరుగు వంటి మాంసకృత్తులు ఇప్పటి అవసరం. రాత్రి పూట పెరుగన్నం పచ్చడితో సరిపెట్టుకునే అలవాటు మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఎక్కువ, అక్కడ కొంత మార్పు చేయాలి.

స్టెతస్కోపు

తిప్పతీగ గురించి అడిగారు. కోవిడ్ కాలంలో దాన్ని విపరీతంగా వాడిన తర్వాత కాలేయం దెబ్బతిన్న కొందరు రోగుల వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో విభేదించింది. ఆ చర్చ ఎలా ఉన్నా, ఆ రోగుల్లో కొందరిలో కనిపించినది శరీరం తన కాలేయం మీదనే దాడి చేసుకునే రకపు హెపటైటిస్. జీవకణం గారు చెప్పిన సంగతి తెలిశాక ఇది మనకు ఆలోచించవలసిన విషయం. వృద్ధాప్యంలో నిరోధక వ్యవస్థలో కొన్ని భాగాలు ఇప్పటికే రేగి ఉంటాయి, మొత్తాన్ని గుడ్డిగా ఎగదోయడం మేలు చేస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు. మీ నాన్నగారు మధుమేహానికో రక్తపోటుకో మందులు వాడుతుంటే ఈ రసం రోజూ ఇవ్వవద్దనే నా సలహా. ఏ పొడీ ఇంతవరకు వృద్ధులలో థైమస్‌ను తిరిగి పెంచినట్టు రుజువు కాలేదు. విటమిన్ డి, బి12 లోపం ఉందేమో రక్తపరీక్షతో చూసి, ఉంటే భర్తీ చేయడం వేరు, అది చేయించండి.

శాస్త్రవేత్తలు సరైన మందు కోసం వెతకడం లేదని కాదు. అవయవ మార్పిడి చేయించుకున్నవారికి వాడే ఎవరోలిమస్ తరహా మందును 65 దాటినవారికి తక్కువ మోతాదులో కొన్ని వారాలిచ్చి, ఆపిన తర్వాత ఫ్లూ టీకా వేస్తే స్పందన సుమారు 20 శాతం పెరిగినట్టు 2014లో తేలింది. దానితోనే ఆశ పెంచుకుని అదే మార్గంలోని మరొక మందుతో చేసిన పెద్ద ప్రయోగం 2019లో విఫలమైంది. అంత జాగ్రత్తగా పరీక్షించిన మందుకే ఇలా జరిగినప్పుడు, ఏ పరీక్షా లేని పొడి డబ్బా మీద రాసిన మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీరే నిర్ణయించుకోండి.

అమ్మగారి విషయం ఒకటి మిగిలింది. ఒకసారి అక్కి వచ్చినవారికి మళ్లీ రాదనే నమ్మకం ఉంది కానీ అది నిజం కాదు, కొందరికి మళ్లీ వస్తుంది. కాబట్టి ఆమె కూడా షింగ్రిక్స్ వేయించుకోవచ్చు. పొక్కులు పూర్తిగా మానిన తర్వాతే వేయాలి. ఎన్ని నెలలు ఆగాలన్నది ఆమెను చూసిన చర్మవైద్యుడు నిర్ణయిస్తారు. మిగిలిపోయిన మంటకు ఈ టీకా మందు కాదు. దానికి గబాపెంటిన్, ప్రెగాబలిన్ వంటి నాడీ నొప్పి మందులు వేరే ఉన్నాయి. ఆ వయసులో అవి మగత తెచ్చి రాత్రిపూట తూలిపడేలా చేయగలవు కనుక తక్కువ మోతాదుతో, పడుకునే ముందు మొదలుపెట్టించుకోండి.